బారిష్టరు పార్వతీశం: ఉత్తర భాగాల కథ

తెలుగు హాస్య నవలల్లో మొక్కపాటి నరసింహశాస్త్రి (1892–1973) రచించిన ‘బారిష్టరు పార్వతీశం’ స్థానం ఈనాటికీ చెక్కుచెదరలేదు. 1924లో వెలువడిన తొలి భాగాన్ని చదివి నవ్వుకోని తెలుగు పాఠకులు అరుదు. ఆ కథకు రెండవ, మూడవ భాగాలు కూడా ఉన్నాయన్న సంగతి తెలిసినవారు మాత్రం అంతమంది లేరు. తెలిసి చదివినవారిలోనూ, తొలి భాగం ఇచ్చిన ఆనందం వీటిలో దొరికిందని చెప్పేవారిని వెతుక్కోవలసిందే. ఒకే రచయిత చేతిలో, ఒకే నాయకుని కథ ఇలా రెండు విధాలుగా పరిణమించడానికి కారణం కేవలం రచయిత వార్ధక్యమేనని సరిపెట్టుకోవడం తొందరపాటు అవుతుంది.

తొలి భాగంలోని ఇతివృత్తం స్వల్పమే. మొగలితుర్రు యువకుడొకడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, కాలువ మీద పడవలో నిడదవోలు చేరి, రైలెక్కి మద్రాసుకూ, ఆ తరువాత ఓడమీద సీమకూ ప్రయాణం కడతాడు. దొరల వేషానికి లోటు రాకూడదని కొన్న టోపీ దొరసానులు ధరించేదని అతడికి తెలియదు. చూసేవారికి తెలుసు, పాఠకుడికీ తెలుసు. హాస్యమంతా ఈ ఎడంలోనే ఉన్నది. కథ చెప్పేది పార్వతీశమే కావడం, తన అజ్ఞానాన్ని అతడు నిండు గాంభీర్యంతో వివరించడం మరొక విశేషం. ఎడింబరోలో స్వయంగా చదివి వచ్చిన రచయితకు ఆ దారి కొత్తదేమీ కాదు. అయినా, తాను ఎరిగినదంతా పక్కన పెట్టి, ఏమీ ఎరుగని వాడి కళ్లతో చూడగలిగాడు. పార్వతీశాన్ని చూసి నవ్వే పాఠకుడు అతడిని చులకన చేయలేడు. సీమ అంటే భయభక్తులు పుష్కలంగా ఉన్న ఆ రోజుల్లో, అక్కడి మర్యాదలన్నీ ఒక పల్లెటూరి పిల్లవాడి చూపులో పడి వింతలుగా మారిపోవడం సామాన్యమైన సంగతి కాదు.

ఉత్తర భాగాలు దశాబ్దాల తరువాత, దేశం స్వతంత్రమైన పిమ్మట, రచయిత పెద్ద వయస్సులో వెలువడ్డాయి. నాయకుడు చదువు ముగించి స్వదేశానికి తిరిగి వస్తాడు, వివాహం చేసుకుంటాడు, న్యాయవాద వృత్తిలో పేరు తెచ్చుకుంటాడు, స్వాతంత్ర్యోద్యమంలోకి అడుగుపెడతాడు. ఇక్కడే చిక్కు వచ్చింది. బారిష్టరైన పార్వతీశానికి లోకం తెలిసిపోయింది. కథ చెప్పే గొంతుకూ, వినే పాఠకుడికీ నడుమనున్న ఎడం పూడిపోయింది. సంఘటనలు మునుపటికన్నా పెద్దవి, నవ్వు మాత్రం చిన్నది.

దీనికి చరిత్ర కూడా కొంత బాధ్యత వహించాలి. తొలి భాగం వెలువడిన 1924 నాటికి సహాయ నిరాకరణోద్యమం ఆగిపోయి రెండేళ్లయింది. ఆ ఏడాది మే నెలలోనే అల్లూరి సీతారామరాజు మరణించాడు. దేశం ఎటు పోతున్నదో ఎవరికీ నిశ్చయంగా తెలియదు. కథ ముగింపు తెలియని కాలంలో పుట్టిన నాయకుడు స్వేచ్ఛగా తప్పులు చేయగలిగాడు. 1947 తరువాత వెనుదిరిగి చూస్తున్న రచయితకు ముగింపు తెలుసు. టంగుటూరి ప్రకాశం వంటి బారిష్టర్లు ఆర్జన వదులుకుని ఉద్యమంలో దిగిన వృత్తాంతం ఇంటింటా తెలిసిన తరానికి, పార్వతీశం కూడా యోగ్యుడుగా కనిపించక తప్పలేదు. యోగ్యుల జీవితచరిత్ర చదవదగినదే కాని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వించడం దాని పని కాదు.

ఇటువంటి అనుభవం ఇతర భాషల వారికీ ఉన్నది. పిక్విక్‌ను 1840లో మరొక పత్రికలో డికెన్స్ తిరిగి ప్రవేశపెట్టినా పాఠకుల్లో పాత ఉత్సాహం కలగలేదు. జెరోమ్ కె. జెరోమ్ 1889లో పడవ ఎక్కించిన ముగ్గురు మిత్రులను 1900లో సైకిళ్లపై జర్మనీకి పంపాడు. పడవకు దక్కిన కీర్తి సైకిళ్లకు దక్కలేదు. ఇందుకు భిన్నంగా, సెర్వాంటెస్ 1615లో ప్రకటించిన డాన్ కిహోటే రెండవ భాగం మొదటిదానికి ఏ విధంగానూ తీసిపోలేదు. అక్కడ నాయకుడి భ్రమ దాదాపు చివరి దాకా నిలిచింది. పార్వతీశం భ్రమ చదువుతో తీరిపోయింది.

అయినా ఉత్తర భాగాలను కొట్టివేయడం న్యాయం కాదు. పార్వతీశం నిడదవోలులో ఎక్కిన కోస్తా రైలుమార్గం తెలుగువారిని రెండు దిక్కులకూ మోసింది. అతడు దక్షిణంగా మద్రాసు వెళ్తే, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల శ్రామికులు ఉత్తరంగా బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి ఖరగ్‌పూర్ చేరారు. నేటికీ ఆ పట్టణంలోని నిమ్‌పురా వంటి రైల్వే వాడల్లో ఇంట తెలుగు, వీధిలో హిందీ, బంగాళీ వినిపిస్తాయి. తెలియని భాషల నడుమ దిగిన మనిషి తికమక అక్కడివారికి పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. తొలి భాగం వారికి వెంటనే అందుతుంది. కాని వెళ్లినవాడు తిరిగి వచ్చి, మారిన తన ఊరితో, మారిన తనతో ఎలా నెగ్గుకొస్తాడన్నది మూడవ భాగంలోని విషయం. తిరిగి రాకుండా అక్కడే స్థిరపడిన కుటుంబాలకు ఆ ప్రశ్న ఇంకా దగ్గరిది. అంతేగాక పెళ్లి తంతులు, కోర్టు వ్యవహారాలు, ఉద్యమకాలపు ఇళ్లలోని మాటామంతీ చరిత్ర విద్యార్థికి ఈ భాగాల్లో దొరుకుతాయి. ప్రభుత్వ దస్తావేజుల్లో అవి కనిపించవు.

కనుక ప్రవాసాంధ్రుల గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే అధికారులు తొలి భాగంతో ఊరుకోకుండా మూడింటినీ సమకూర్చడం మంచిది. పాఠకులు మాత్రం మొదటిది ముగిసిన మర్నాడే రెండవది చేతబట్టకుండా ఉంటే మేలు. రచయిత దశాబ్దాల ఎడం తీసుకున్నాడు. చదివేవారు కొన్ని నెలలైనా తీసుకోవచ్చు.