మన సీమ కథ – బూడిద దిబ్బల నాటి నుంచి కొత్త జిల్లా దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు ఆదేశించినారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. రెవిన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి, పెద్దగా మెమోలు తినకుండా బయటపడినవాణ్ణి. అయినా డిగ్రీ చదువుతున్న మా మనవడు ఆ మధ్య వేసిన ప్రశ్న ఒకటి నన్ను కూర్చోబెట్టి ఇది వ్రాయించింది.

వాడు యూరపు చరిత్ర చదువుతూ, "జేజినాయనా, హంగేరీలో ఒక యుద్ధంలో రాజు చచ్చిపోతే ఆ దేశం మూడు ముక్కలైందంట. ఇట్లాటివి మన పక్క ఏమన్నా జరిగినాయా?" అన్నాడు. వాడు చెప్పిన మొహాచ్ యుద్ధం 1526లో జరిగింది. ఇంకా నలభై ఏళ్ళు కాకముందే, 1565 జనవరిలో, మన రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. అళియ రామరాయలు అందులో హతుడైనాడు. రాయల తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం విడిచి, పేరుకు చక్రవర్తియైన సదాశివరాయలను వెంటబెట్టుకొని, ఎక్కడికి వచ్చినాడు? మన పెనుకొండకు. ఆ సంగతి నల్లమాడలో పుట్టిన పిల్లవానికి తెలియదు. తప్పు వానిది కాదు, చెప్పని నాది.

మొదటి నుంచి చెప్పవలెనంటే కల్యాణదుర్గం వైపున్న పాలవాయి బూడిద దిబ్బతో ప్రారంభించాలి. సుమారు నాలుగు వేల ఏళ్ళ క్రితం పశువుల మందలు తోలుకొని బతికిన మనుషులు, పేడ పోగులు కాల్చగా మిగిలిన దిబ్బ అది. ఆ తరువాతి వారు పెద్ద పెద్ద బండలు నిలిపి సమాధులు కట్టుకొన్నారు. మన పల్లెల్లో వాటిని పాండవుల గుళ్ళు అంటారు. గుత్తికి సమీపాన ఎర్రగుడి బండల మీద అశోకుడు తన శాసనాలు చెక్కించినాడు. తరువాత నొలంబులు హేమావతి రాజధానిగా ఏలినారు. వారి శిల్పాలు కొన్ని నేడు మద్రాసు మ్యూజియంలో ఉన్నవి. మనం పోయి చూడాలంటే రైలెక్కాలి.

అసలు కథ విజయనగరంతో మొదలవుతుంది. బుక్కరాయలు తన కుమారుడు విరూపణ్ణకు పెనుకొండ సీమను అప్పగించగా 1354లో కోట కట్టించినట్లు కోట ఉత్తర ద్వారంలోని శాసనం చెబుతున్నది. బుక్కపట్నం చెరువు, ఆ ఊరి పేరు కూడా ఆ బుక్కరాయలవే అని మన పెద్దల మాట. లేపాక్షి గుడి 1530వ దశకంలో, అచ్యుతరాయల కాలంలో, మరొక విరూపణ్ణ కట్టించినది. ఖజానా సొమ్ము అనుమతి లేకుండా ఖర్చు చేసినాడని రాజుగారికి ఫిర్యాదు పోగా, తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టినాడని కథ. ట్రెజరీలో పని చేసిన మిత్రులు దీనిని మన జిల్లాలో మొట్టమొదటి ఆడిట్ అభ్యంతరంగా చెప్పుకొంటూ ఉంటారు.

తిరుమలరాయలు పెనుకొండ చేరిన పిమ్మట రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచినాడు. తెలుగు సీమ పెనుకొండలో శ్రీరంగరాయలకు, కన్నడ సీమ శ్రీరంగపట్టణంలో రామరాయలకు, తమిళ సీమ చంద్రగిరిలో వేంకటపతిరాయలకు. మనవడి హంగేరీని శత్రువులు ముక్కలు చేస్తే, మనది తండ్రే భాషలవారీగా భాగాలు వేసినాడు. 1576లో బిజాపూరు సైన్యం పెనుకొండను ముట్టడించి, తీసుకోలేక వెనక్కు పోయింది. 1589లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా వచ్చి చుట్టుముట్టినాడు. అప్పటి రాజు వేంకటపతిరాయలు సంధి మాటలు పంపి, ఆ సందులో మూడు రోజులలో కోటలోనికి దినుసులు, మనుషులను చేర్చుకొన్నాడట. జగదేవరాయలు సాయం వచ్చినాడు, వానాకాలమూ దగ్గరపడింది. సుల్తాను మరలిపోయినాడు. కోట గెలిచింది గాని 1592లో రాజధాని చంద్రగిరికి తరలిపోయింది. హెడ్ క్వార్టరు పోయిన ఊరి సంగతి మనకు చెప్పనక్కరలేదు.

ఆ తరువాత బిజాపూరు, మొగలాయీలు, గుత్తి మురారిరావు, హైదరు, టిప్పు. 1799లో టిప్పు మరణించగా ఈ సీమ నిజాముకు చెంది, ఆయన 1800లో సైన్యం ఖర్చు కింద ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసినాడు. దానితో దత్త మండలాలమైనాము. రాయలసీమ అన్న గౌరవమైన పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన పిమ్మటనే వచ్చింది.

మన్రో దొర 1800 నుంచి 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. ఆయన పైమాషీ 1802 జూన్ మాసంలో మన పెనుకొండలోనే ప్రారంభమైనది. భూమి కొలిచే విద్య తెలిసినవారు ఈ సీమ మొత్తంలో నలుగురంటే నలుగురు గుమాస్తాలు. 33 అడుగుల గొలుసు పట్టి ఆ నలుగురే మొదలుపెట్టినారు. వచ్చినవారికల్లా నేర్పినారు. కొద్ది కాలానికే యాభై మంది, మరుసటి ఏటికి నూరు మంది తయారైనారు. రైత్వారీ అంటే అందరూ మన్రోను తలుస్తారు, ఆ గుమాస్తాలను ఎవరూ తలవరు.

ఈ మాట నేను ఊరికే అనలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత రికార్డులు పంపకాలు వేసినారు. అప్పుడు నేను ఒక ఆఫీసులో ఉన్నాను, ఏదో చెప్పను. ఆర్.డిస్., డి.డిస్. కట్టలు వేరు చేసి, పనికిరానివాటి పట్టీ తయారు చేయమని నాకు అప్పగించినారు. ఎలుకలు కొట్టిన ఒక కట్టలో దశబంధం ఇనాం కాగితాలు ఉన్నవి. చెరువు త్రవ్వించి నిలబెట్టిన వారికి పూర్వం ఇచ్చిన ఇనాములవి. ఏ వంక నీరు ఏ కాలువ గుండా ఏ చెరువుకు చేరాలో కూడా వాటిలో ఉండేది. చేతిలో పట్టుకుంటే పొడి రాలింది. పట్టీలో వ్రాసినాను. సంతకం చేసినాను. పై అధికారి చూడకనే ఆమోదించినాడు.

పదేళ్ళ తరువాత ఒక పెద్దాయన వచ్చి, "అప్పా, మా చెరువు వంక కాలువ కొలతలు ఏడన్నా ఉంటే తీసియ్యి, ఆక్రమించినోళ్ళు కాలువే లేదంటాండారు" అని అడిగినాడు. మూడుసార్లు తిరిగినాడు. కాగితం లేదని మూడుసార్లూ చెప్పినాను. లేకుండా చేసినది ఎవరో చెప్పలేదు. ఆ చెరువుకు నీరు రావడం తగ్గి, ఇప్పుడు కంప చెట్లు మొలిచి ఉన్నవి.

తక్కినది అందరికీ తెలిసినదే. 1876–78 నాటి ధాత కరువు, 1882లో బళ్ళారి నుంచి విడిపోయిన అనంతపురం జిల్లా, 1910లో కడప జిల్లా నుంచి వచ్చి కలిసిన కదిరి తాలూకా. మా నల్లమాడ ఆ తాలూకాలోనిది గనుక మా తాత కడప జిల్లావాడు, నేను మద్రాసు రాష్ట్రంలో అనంతపురం జిల్లావాణ్ణి, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2008 పునర్విభజనతో నల్లమాడ నియోజకవర్గం పేరు పోయి పుట్టపర్తి అయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇల్లు మాత్రం ఆ ఇల్లే. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నవి. మా మనవడికి అక్కడ ఉద్యోగం కావాలంట.

చివరిగా ఒక మనవి. కరణీకం చేసిన కుటుంబాల వారు మనలో చాలామంది ఉన్నారు. అటకల మీద పాత ఇనాం పట్టాలు, చెరువుల లెక్కలు, కైఫీయతులు ఏవైనా ఉంటే పారవేయకండి. వచ్చే నెలసరి సమావేశానికి తీసుకొనిరండి. జిరాక్సు తీయించి అసలు కాగితం మీకే వాపసు ఇస్తాను. ఖర్చు నాది. మోడీ లిపి ఉన్నా, పాత గొలుసుకట్టు వ్రాత అయినా, కళ్ళజోడు పెట్టుకొని నేను చదివి పెడతాను.