జన్మపాపం, విమోచన: ఒక విశ్వాసపు చరిత్ర

నాంపల్లిలో యూసుఫైన్ దర్గా దాటి ఆబిడ్స్ వైపు నడిస్తే, కొద్ది దూరంలోనే సెయింట్ జార్జి చర్చి, మెథడిస్టుల ఆలయం, గన్‌ఫౌండ్రీలో కాథలిక్కుల సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ కనిపిస్తాయి. ఈ మూడు సంప్రదాయాలలోనూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. తెలుగు కాథలిక్కులు దానినే జ్ఞానస్నానం అంటారు. ఇది చూసిన ముస్లిముకు సహజంగానే ఒక ప్రశ్న కలుగుతుంది: ఏ తప్పూ చేయని శిశువుకు కడగవలసిన పాపమేమిటి? ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి సమాధానం వాదంలో కాక చరిత్రలో వెదకడం మేలు.

హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) వృత్తాంతం తౌరాతు గ్రంథాలలో మొదటిదైన ఆదికాండము మూడవ అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయంలో 'పాపం' అనే మాటే రాదు. అది మొదట కనిపించేది నాల్గవ అధ్యాయంలో, కయీను సందర్భంలో. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడని యెహెజ్కేలు గ్రంథం పద్దెనిమిదవ అధ్యాయం స్పష్టం చేస్తుంది. జన్మతః సంక్రమించే అపరాధమనే సిద్ధాంతాన్ని యూదులు ఆ గ్రంథాల నుండి గ్రహించలేదు.

ఆదం వలన పాపమూ మరణమూ లోకంలో ప్రవేశించాయనీ, క్రీస్తు వలన నీతీ జీవమూ కలిగాయనీ పోల్చి చెప్పినవాడు పౌలు. సుమారు క్రీ.శ. 57లో రోమీయులకు వ్రాసిన పత్రిక ఐదవ అధ్యాయంలో ఈ పోలిక ఉంది. అక్కడి గ్రీకు వాక్యాన్ని, అందరూ పాపం చేసినందున మరణం అందరికీ వచ్చిందని సాధారణంగా గ్రహిస్తారు. లాటిన్ అనువాదంలో మాత్రం ఆదంలోనే అందరూ పాపం చేశారనే అర్థానికి తావు కలిగింది.

ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ (354–430) ఈ లాటిన్ పాఠాన్ని ఆధారం చేసుకున్నాడు. మనిషి తన సంకల్పంతో మంచిని ఎన్నుకోగలడని బ్రిటన్ నుండి వచ్చిన పెలేజియస్ బోధించగా, అగస్టీన్ తీవ్రంగా ఖండించాడు. శిశువులకు బాప్తిస్మం ఇస్తున్నామంటే వారిలోనూ పాపం ఉన్నట్లే గదా అన్నది అతని ముఖ్య తర్కం. అంటే ఆచారం ముందు, సిద్ధాంతం తరువాత. 418లో కార్తేజ్ సభ అతని పక్షమే వహించింది. కాథలిక్కులు 1546లో ట్రెంట్ మహాసభలో, ఆంగ్లికన్లు తమ 39 సూత్రాలలో తొమ్మిదవదానిలో దీనిని నిలుపుకున్నారు. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ 1757లో దీనిపై ఒక గ్రంథమే వ్రాశాడు. కాని ప్రాచ్య ఆర్థడాక్సు క్రైస్తవుల దృష్టిలో మానవులకు ఆదం నుండి సంక్రమించింది మరణమూ బలహీనతేగాని, అపరాధం కాదు.

విమోచన విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. అది సైతానుకు చెల్లించిన మూల్యమని తొలి శతాబ్దాలలో కొందరన్నారు. దేవుని గౌరవానికి కలిగిన భంగానికి అది పరిహారమని 1098లో ముగించిన తన గ్రంథంలో ఆన్సెల్మ్ వాదించాడు. మానవుని శిక్షను క్రీస్తు భరించాడని సంస్కరణవాదులు చెప్పారు. ప్రాచీన సర్వసంఘ మహాసభలేవీ వీటిలో ఏ ఒక్కదానినీ తప్పనిసరి చేయలేదు.

బాప్తిస్మం పొందకుండా చనిపోయిన శిశువు గతి ఏమిటన్న ప్రశ్న వారినీ శతాబ్దాలుగా బాధించింది. అటువంటి శిశువుల రక్షణ గురించి ఆశించడానికి ఆధారం ఉందని 2007లో వాటికన్ వేదాంత సంఘం ప్రకటించింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అది చిన్న మాట కాదు.

దివ్య ఖుర్ఆన్ ప్రకారం ఆదం తౌబా చేశారు, అల్లాహ్ స్వీకరించాడు (2:37). ఒకరి భారం మరొకరు మోయరు (6:164). ప్రతి శిశువూ ఫిత్రత్ మీదనే పుడుతుందని హదీసు. అయితే మనస్సు చెడును ప్రేరేపిస్తుందని కూడా ఖుర్ఆన్ హెచ్చరిస్తుంది (12:53). కనుక మానవ బలహీనతను ఇరువురమూ ఒప్పుకుంటాము. భేదమల్లా దాని మూలంలోనూ నివారణలోనూ ఉంది. ఈ భేదం చిన్నది కాదు, దాచవలసినదీ కాదు. కాని పొరుగువాని విశ్వాసాన్ని అతడు గుర్తించగలిగేటట్లు చెప్పిన తరువాతనే దానిని కాదనడం న్యాయం. శత్రుత్వం ఉన్నచోట సైతం న్యాయం తప్పవద్దని ఆజ్ఞాపించబడిన మనకు (5:8), పొరుగువారి విషయంలో ఆ బాధ్యత మరింత అధికం.