అన్యభాషలు: అర్థం చెప్పేవారేరీ?

అనకాపల్లి ప్రాంతంలో ఒకే ఇంట్లో రెండు సంఘాలు ఉండటం ఇప్పుడు మామూలే. అమ్మమ్మ చిన్ననాటి నుంచీ బాప్టిస్టు చర్చి. మనవరాలు ఊరి చివర రేకుల షెడ్డులో జరిగే శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు వెళ్తుంది, అక్కడ భాషలు మాట్లాడుతుంది. ఒకరోజు ఇంటికొచ్చి, "అమ్మమ్మా, నువ్వు అభిషేకం పొందావా?" అని అడుగుతుంది. యాభై ఏళ్లు ప్రార్థనలో గడిపిన పెద్దావిడకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అన్యభాషల గురించి తెలుసుకోవలసిన అవసరం అలాంటి ఇళ్లలోనే ఎక్కువ.

ముందు మాట సంగతి చూద్దాం. 'అన్యభాషలు' అనే పదం మన తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం నుంచి మన నోళ్లలోకి వచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఎక్కువగా కనిపించేది ఉత్త 'భాష' మాత్రమే. గ్రీకులో రెండుచోట్లా ఉన్న మాట 'గ్లోస్సా'. నాలుక అన్నా అదే, భాష అన్నా అదే. మాట ఒకటే అయినా సన్నివేశాలు వేరు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో పరదేశాల నుంచి వచ్చినవారు ఎవరి మాతృభాషలో వారు దేవుని గొప్ప కార్యాలను విన్నారు. అక్కడ అర్థం చెప్పేవారు అవసరం కాలేదు. కొరింథులో అలా కాదు. మాట్లాడేవాడు దేవునితో మాట్లాడుతున్నాడు, పక్కన కూర్చున్నవాడికి ఒక్క ముక్క తెలియడం లేదు. పౌలు పత్రికలో 12, 13, 14 అధ్యాయాలు ఈ చిక్కు విప్పడానికే రాశాడని చెప్పవచ్చు.

14వ అధ్యాయంలో ఆయన పెట్టిన క్రమం చాలా స్పష్టం. కూడికలో ఇద్దరు, మించితే ముగ్గురు మాట్లాడాలి, అదీ వంతుల చొప్పున. ఒకరు అర్థం చెప్పాలి. చెప్పేవారు లేకపోతే మాట్లాడేవాడు సంఘంలో మౌనంగా ఉండి, తనతోను దేవునితోను మాట్లాడుకోవాలి. తాను అందరికంటె ఎక్కువగా భాషలు మాట్లాడతానని చెప్పుకున్న పౌలే, సంఘంలో పదివేల మాటల కంటె అర్థమయ్యే అయిదు మాటలు మేలన్నాడు. అదే అధ్యాయం చివర, భాషలు మాట్లాడటాన్ని ఆటంకపరచవద్దని కూడా అన్నాడు. మనలో సగంమంది మొదటి మాట మరిచిపోతారు, మిగతా సగం రెండో మాట.

ఈ వివాదం మన జిల్లాలకు ఎలా వచ్చిందో చూస్తే కొంత తేటపడుతుంది. కాకినాడలో తెలుగువాడైన థామస్ గేబ్రియల్ నాటిన పనిని 1874లో జాన్ మెక్లారిన్ అందుకోవడంతో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడ మొదలైంది. తుని, యలమంచిలి, అనకాపల్లి మీదుగా ఉత్తరాన శ్రీకాకుళం దాకా అది విస్తరించింది. ఆ మిషనరీలకు తెలుగు ఒక్క రాత్రిలో రాలేదు. మున్షీల దగ్గర కూర్చుని, గుణింతాల నుంచి దిద్దుకుని నేర్చుకున్నారు. అదీ ఒక రకంగా పెంతెకొస్తు పనే అంటాను: విన్నవారు తమ మాతృభాషలోనే విన్నారు కదా.

1901 జనవరి 1న అమెరికాలోని టొపీకాలో చార్లెస్ పార్హమ్ బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని భాషలు మాట్లాడింది. ఆత్మ బాప్తిస్మానికి భాషలే తొలి గుర్తు అన్న బోధ అక్కడ స్థిరపడింది. 1906లో విలియం సేమూర్ నడిపిన లాస్ ఏంజెలెస్ అజూసా వీధి కూడికలు దాన్ని లోకమంతటా వ్యాపింపజేశాయి. మన దేశంలో దాదాపు అదే సమయంలో, కేడ్గావ్‌లోని పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో 1905లో ఉజ్జీవం రగిలింది. తర్వాతి రెండేళ్లలో అక్కడా భాషలు వినిపించాయి. ఇదంతా అమెరికా నుంచి దిగుమతి అయిన సరుకు అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ తొలి రోజుల్లో పార్హమ్, ఆయన శిష్యులు ఈ భాషలు నిజమైన దేశభాషలేననీ, నేర్చుకోకుండానే సువార్త చెప్పవచ్చనీ నమ్మారు. అజూసా నుంచి ఆల్ఫ్రెడ్ గార్ తనకు బెంగాలీ వచ్చిందన్న నమ్మకంతో కలకత్తాకు ఓడెక్కాడు. తీరా వచ్చాక చూస్తే ఆయన మాట బెంగాలీవారికి అర్థం కాలేదు. ఆయన విశ్వాసం వదలలేదు, అభిప్రాయం మార్చుకున్నాడు: భాషలు ప్రార్థనకూ స్తుతికీ ఇచ్చిన వరమన్నాడు. తర్వాత హాంకాంగ్‌లో దుబాసీని పెట్టుకునే బోధించాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

1930లలో కేరళ నుంచి వచ్చిన పాస్టర్ పి.ఎం. శామ్యూల్ వంటివారి సేవతో తెలుగునాట పెంతెకొస్తు సంఘాలు వేళ్లూనుకున్నాయి. ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో రిజిస్టరు అయింది కూడా మన ఏలూరులోనే.

భాషాశాస్త్రజ్ఞుడు విలియం సమారిన్ ఈ పలుకులను రికార్డు చేసి పరిశీలించి 1972లో పుస్తకం వెలువరించారు. వాటిలో మానవ భాషకుండే వ్యాకరణం, పదార్థ సంబంధం కనిపించలేదన్నారు. శబ్దాలు మాట్లాడేవారి సొంత భాషలోనివే ఎక్కువన్నారు. అయితే ఇది పిచ్చి కాదనీ, రోగం కాదనీ కూడా ఆయనే తేల్చారు. దేవునితో పలికే పలుకుకు వ్యాకరణం ఉండాలా అన్నది భాషాశాస్త్రం తేల్చే విషయం కాదు.

ఇక అమ్మమ్మ ప్రశ్న. భాషలు రాకపోతే ఆత్మ లేదా? అపొస్తలుల కార్యములలో కొర్నేలీ ఇంట, ఎఫెసులో భాషలు వినిపించిన మాట నిజం. కానీ పెంతెకొస్తు దినానే చేరిన ఇంచుమించు మూడువేలమంది భాషలు మాట్లాడారని లూకా రాయలేదు. సమరయలో ఆత్మను పొందినవారి విషయంలోనూ రాయలేదు. అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలు అడిగింది 'లేదు' అన్న జవాబు రావాలనే. యేసు ప్రభువని ఒప్పుకోవడమే పరిశుద్ధాత్మ వలన కలిగేదని అదే 12వ అధ్యాయం మొదట్లో ఉంది. తొలి గుర్తు సిద్ధాంతాన్ని అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916లోనే తన విశ్వాస ప్రకటనలో చేర్చింది. దాన్ని నమ్మేవారిని గౌరవిస్తాను. కాని ఆ సిద్ధాంతాన్ని ఒక ముసలావిడ రక్షణకు తూనికరాయి చేయడం వేరు సంగతి. నాకు తెలిసి కొన్నిచోట్ల పిల్లలను ముందుకు పిలిచి, 'హల్లెలూయ' గబగబా అనమని, నాలుక తిరగబడేదాకా అనిపిస్తారు. వరాన్ని ఆత్మ తన చిత్తప్రకారం పంచుతాడని నమ్మేవారికి ఈ తొందర ఎందుకు?

తప్పు ఒక పక్కనే లేదు. పాత సంఘాల్లో భాషలు మాట్లాడిన యువకులను దయ్యం పట్టిందని ముద్రవేసి, సభ్యత్వం తీసేసిన సందర్భాలున్నాయి. వరాలు అపొస్తలులతోనే ఆగిపోయాయనేవారు 13వ అధ్యాయాన్ని చూపుతారు. అక్కడ 'పూర్ణమైనది' వచ్చినప్పుడు అని ఉంది. అది ముగిసిన లేఖనమా, ప్రభువు రాకడా అన్న తగవు ఇంకా తీరలేదు. రాకడే అని చదవడం వాక్యానికి దగ్గరని నా అభిప్రాయం.

మన ఊళ్లో నూకాలమ్మ జాతర చూసి పెరిగిన పొరుగువారు మైకులో ఒక్కసారిగా వందమంది భాషలు వింటే పూనకం అనుకుంటారు. కొత్తగా వచ్చినవారు మీకు వెర్రి పట్టిందనుకోరా అని పౌలు అడిగింది సరిగ్గా దీని గురించే. పూనకంలో మనిషి తన వశంలో ఉండడని వారి అనుభవం. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల వశంలో ఉంటాయని పౌలు చెప్పాడు, అంటే ఆపగలిగినవాడే ఆత్మ నడిపింపులో ఉన్నవాడు. రాత్రి పదకొండింటికి మైకు ఆపమని పక్కింటివారు అడిగితే ఆత్మను ఆర్పవద్దని జవాబిచ్చే కాపరులు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి. అర్థం చెప్పే వరం కోసం ఉపవాస కూడిక పెట్టినట్టు మాత్రం నేను ఇంతవరకు ఏ కరపత్రంలోనూ చదవలేదు.