పిట్ట పేరు చెప్పిందెవరు

నెల్లూరు సీమలో చెరువు గట్టెక్కితే ముందు పలకరించేది తీతువు. మనిషి అలికిడైతే చాలు, లేచి నెత్తిన చక్కర్లు కొడుతూ ఊరంతా వినబడేలా గోల చేస్తుంది. దొరల చెవికి ఆ కూత ‘డిడ్ హీ డూ ఇట్’ అన్నట్టు తోచింది, ఎవరి నేరమో ఆరా తీస్తున్నట్టు. తెలుగు చెవికి తీతీ అని వినబడ్డ చప్పుడు పేరులోనే కలిసిపోయింది. రాత్రిపూట ఇంటి మీదుగా తీతువు కూస్తే కీడని భయపడ్డ ముసలమ్మలెవరూ బయటికొచ్చి ఆ పిట్టను చూడలేదు. మంచంలో పడుకునే పోల్చుకున్నారు.

చూసి, విని పిట్టను ఆనవాలు పట్టే ఈ విద్య అచ్చులోకి ఎక్కిన కథలో తెలుగు మాటకు పెద్ద వాటానే ఉంది. చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఎడ్వర్డ్ బల్క్‌లీ అక్కడి పక్షుల వివరాలు లండన్‌లోని ప్రకృతి పరిశోధకుడు జేమ్స్ పెటివర్‌కు పంపేవాడు. 1713లో జాన్ రే పక్షుల గ్రంథం వెలువడినప్పుడు ఆ మద్రాసు పక్షులకు అందులో చోటు దొరికింది. వాటిలో ఒకటి ‘పొన్నంకి పిట్ట’. మన పొన్నంగే. వందేళ్ల తరవాత, 1816లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో ఆ జాతికి పెట్టిన పేరు ‘పిట్టా’. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న ఆ రంగురంగుల చుట్టాలన్నిటినీ ప్రపంచం ఇప్పటికీ తెలుగు మాటతోనే పిలుస్తోంది.

నెల్లూరు వంతు 1840ల్లో వచ్చింది. థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1836లో మద్రాసులో దిగిన కంపెనీ డాక్టరు. కొన్నాళ్లకు నెల్లూరు సివిల్ సర్జన్ అయ్యాడు. రోగుల నాడి పట్టుకోగా మిగిలిన పొద్దంతా పిట్టలకూ, పాములకూ, చీమలకూ ఇచ్చాడు. 1843 నుంచి 1847 దాకా మద్రాసులో విడతలుగా వేయించిన చిత్రాల పుస్తకంలో 50 పక్షుల బొమ్మలున్నాయి. మూలచిత్రాలు గీసింది చాలావరకు ఈ దేశపు చిత్రకారులే.

ఆ రోజుల్లో పక్షిని గుర్తించడమంటే ముందు తుపాకీతో కొట్టడమే. నేలరాలిన పిట్ట చర్మం ఒలిచి, లోపల దూది కూరి, ముక్కూ రెక్కా కొలిచి పెట్టెకెత్తేవారు. అయితే గురిపెట్టడానికి ముందు అది ఎక్కడ మేస్తుందో, ఏ వేళకు కూస్తుందో చెప్పేవాళ్లు కావాలి. జెర్డన్‌కు ఆ సంగతులు చెప్పినవాళ్లలో యానాదులున్నారు. అడవినీ సముద్రపు ఒడ్డునూ నమ్ముకుని బతికిన వాళ్లకు జంతువుల పోకడ రోజువారీ కూడు సంగతి. 1862 నుంచి 1864 దాకా వచ్చిన జెర్డన్ ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో లాటిన్, ఇంగ్లీషు పేర్ల కింద దేశభాషల పేర్లు వరసగా ఉంటాయి. వాటిలో తెలుగు పేర్లకు గుర్తు ‘టెల్’ అనే మూడక్షరాల పొట్టిమాట. దాని వెనక ఎవరి గొంతులున్నాయో పుస్తకం చెప్పదు.

ఊరు పెట్టిన పేర్లను కాస్త విడదీసి చూస్తే ఒక్కోటి ఒక్కో ఆనవాలు. తెడ్డులాంటి మూతితో నీళ్లను కలియబెట్టేది తెడ్డుమూతి కొంగ. నత్తల మీద బతికేది నత్తగుల్ల కొంగ. గొడ్ల వీపు మీద సవారీ చేస్తూ, వాటి కాళ్ల కింద లేచే పురుగుల్ని అందుకునేది పసుల పోలిగాడు. మొదటిది రూపం, రెండోది తిండి, మూడోది నడవడి. కంటికి ఆనిన ఒక్క గుర్తు చాలు, పేరు నిలబడిపోతుంది.

ఈ పద్ధతికి హద్దూ ఉంది. బురద అంచున చకచకా పరుగులు తీసే చిన్న చిన్న పిట్టలు పదిరకాలున్నా చాలా ఊళ్లలో అన్నీ ఉల్లంకులే. కూరకు పనికొచ్చేదాకే తేడాతో పని. కాలి రంగునూ ముక్కు వంపునూ బట్టి వాటిని విడివిడి జాతులుగా తేల్చింది జెర్డన్‌లాంటి వాళ్ల కొలబద్దలే.

తుపాకీ చేతిలోంచి దుర్భిణిలోకి చూపు మారడానికి ఇంకా చాలాకాలం పట్టింది. అమెరికాలో ఫ్లోరెన్స్ మెరియం నాటకశాల దుర్భిణితో పిట్టల్ని చూడమంటూ 1889లోనే పుస్తకం రాసింది. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ బొమ్మల మీద చిన్న గీతలు గీసి, ఏ పిట్టలో ఏ గుర్తు చూడాలో చూపించాడు. మన దేశంలో సలీం అలీ ‘బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ 1941లో వచ్చింది. 1976లో పులికాట్ సరస్సూ, దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువూ రక్షిత ప్రాంతాలయ్యాయి. నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు చేలకు ఎరువని ఊరివాళ్లు ఏనాడో కనిపెట్టారు. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరుగుతోంది. 2022లో జిల్లాల విభజనతో ఆ ఊళ్లు తిరుపతి జిల్లాకు వెళ్లినా, పక్షుల దారి మారలేదు.

జెర్డన్ పేరు మాత్రం నీటిపక్షితో కాక మెట్ట పిట్టతో ముడిపడింది. నెల్లూరుకు ఎగువ కొండల్లో, కడప వైపు రాతినేలల పలచని అడవిలో దొరికిన ఒక పక్షిని అతను కలకత్తాకు పంపాడు. అక్కడి ఏసియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి పెట్టిన లాటిన్ పేరులో ‘బైటార్క్వాటస్’ అన్న ముక్క ఉంది. రెండు హారాలది అని అర్థం. బల్ల మీదున్న చర్మానికి రొమ్ము మీది రెండు పట్టీలే ఆనవాలు. జెర్డన్ పుస్తకానికెక్కించుకున్న తెలుగు పేరు ‘అడవ వుత తిత్తి’. మాటలు విడదీస్తే ఉత్త తిత్తి, ఖాళీ సంచి. కానీ పైకి చదివి చూస్తే తీతువు కూతకు దగ్గరి చుట్టంలా వినిపిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు కలివికోడి. కలివి పొదల్లో తిరిగేది. కలకత్తా పండితుడు రొమ్ము చూసి పేరు పెడితే, అడవి మనిషి పొద చూసి పెట్టాడు.

1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఆ పిట్ట మాయమైంది. సలీం అలీ సహా ఎందరో వెతికినా జాడ లేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా ఊళ్లలో బొమ్మ చూపించి అడగడం మొదలుపెట్టాడు. చివరికి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, రాత్రి దీపం వెలుగులో, దాన్ని పట్టుకొచ్చింది ఒక స్థానికుడు. పగలు పొదల్లో ఒదిగి రాత్రి మేతకొచ్చే పిట్టను పగటి దుర్భిణులతో వెతికితే ఎలా దొరుకుతుంది? లంకమల అభయారణ్యం ఏర్పడింది ఆ ఒక్క పక్షి పుణ్యాన. 2005లో దాని తావుల్లోకి తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు వచ్చినప్పుడు గొడవ జరిగి, చివరికి కాలువ దారే మళ్లించారు.

అది అప్పుడప్పుడూ దీనంగా కూస్తుందని జెర్డన్ రాసిపెట్టాడు. ఆ కూతను టేపు మీదికి ఎక్కించడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. పి. జగన్నాథన్, సైమన్ వాటన్ తొలి రికార్డింగుల వివరాలను 2004లో ప్రచురించారు. పొద్దుగూకి ముప్పావు గంట దాటాక, రెండేసి అక్షరాల పొట్టి కూత, కొద్ది నిమిషాలపాటు. ఆ పాటి దానికోసం సాయంత్రాలు పొదల మధ్య చెవి ఒగ్గి కూర్చోవాలి. కూత కూడా వినబడని చోట పరిశోధకులు ఇంకో దారి పట్టారు. పొదల నడుమ నేలను గుల్లచేసి, మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పక్కన ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. తెల్లవారాక ఆ మట్టిలో వంగి వెతికేది మూడువేళ్ల అడుగుల కోసం. ఈ పిట్టకు వెనక వేలు ఉండదు.