భుజం మీద మచ్చ, ముంజేతి మీద బొబ్బ

అమెరికా యూనివర్సిటీలో సీటొచ్చి, ఐ-20 పత్రం చేతికంది, వీసా గండం కూడా గట్టెక్కాక మన పిల్లలకు ఇంకో కాగితం ఎదురవుతుంది. అది యూనివర్సిటీ హెల్త్ సెంటర్ వాళ్ల ప్రశ్నపత్రం. మీరు ఈ దేశాల్లో దేనిలోనైనా పుట్టారా అని అడిగి, కింద పొడవాటి జాబితా ఇస్తారు. ఆ జాబితాలో ఇండియా ఉంటుంది. అవునని టిక్కు పెడితే టీబీ పరీక్ష చేయించుకు రమ్మంటారు. చేయించుకోకపోతే చాలాచోట్ల రిజిస్ట్రేషన్ మీద ‘హోల్డ్’ పడుతుంది. చేయించుకున్నాక రిపోర్టులో ‘పాజిటివ్’ అని వచ్చిందా, ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. దగ్గయినా లేని పిల్లాడికి టీబీ ఏమిటని తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది.

ఆ కన్నీళ్లు చాలావరకు అక్కర్లేనివి. ఎందుకు అక్కర్లేవో తెలియాలంటే ఈ పరీక్ష ఎక్కడ పుట్టిందో చూడాలి.

ఇది అసలు పరీక్షగా పుట్టలేదు, మందుగా పుట్టింది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని పట్టి చూపించాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 1890లో, అదే నగరంలో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో క్షయకు మందు దొరికిందన్నాడు. ఆ మందు క్షయ క్రిములను పెంచి, గ్లిజరిన్‌తో తీసిన సారం. దాని పేరే ట్యూబర్‌క్యులిన్. రోగులు, డాక్టర్లు గుంపులు గుంపులుగా బెర్లిన్‌కు కదిలారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ కూడా వెళ్లినవాళ్లలో ఉన్నాడు. ఆయన స్వయంగా డాక్టరు. ఇది రోగాన్ని నయం చేస్తుందో లేదో గానీ, రోగాన్ని గుర్తుపట్టడానికి మాత్రం పనికొస్తుందని అప్పుడే రాశాడు. చివరికి జరిగిందీ అదే. మందుగా ట్యూబర్‌క్యులిన్ ఘోరంగా విఫలమైంది, కొందరి ప్రాణాలూ తీసింది. కానీ క్షయ క్రిమి ఎప్పుడైనా ప్రవేశించిన ఒంట్లో ఆ సారం పడితే ఒళ్లు తిరగబడుతుందని తేలింది. పశువైద్యులు ముందుగా అందుకున్నారు. 1890లలోనే డెన్మార్క్ లాంటి చోట్ల ఆవులకు ఈ సూది వేసి క్షయ ఉన్న పశువులను వేరుచేయసాగారు.

మనుషుల వంతు 1907లో వచ్చింది. వియన్నా పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే చర్మం మీద చిన్న గీత గీసి, ఆ సారం రాసి చూశాడు. ‘ఎలర్జీ’ అనే మాటను అంతకు ముందు ఏడాది లోకానికి ఇచ్చింది కూడా ఆయనే. పైకి ఏ జబ్బూ కనిపించని పిల్లల్లో చాలామందికి ఆ గీత ఎర్రబడి ఉబ్బింది, వయసు పెరిగేకొద్దీ అలాంటివాళ్లు పెరిగారు. క్రిమి ఒంట్లో ఉండటం వేరు, రోగం ఉండటం వేరన్న ఎరుక అక్కడ మొదలైంది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో షార్ల్ మాంటూ గీతను మాని, సన్నని సూదితో చర్మం పొరల మధ్యకు ఎక్కించాడు. మన ల్యాబుల్లో నేటికీ ‘మాంటూ టెస్ట్’ అనేది ఆయన పేరే. రెండు మూడు రోజులు ఆగి ముంజేతి మీద గట్టిపడిన వాపును స్కేలుతో కొలుస్తారు. ఎర్రదనాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, గట్టిదనాన్నే కొలవాలి. 

అయితే ఆ సారం ఒక్కో బుడ్డిలో ఒక్కో తీరున ఉండేది. దాన్ని శుద్ధి చేసి, ఎక్కడ వేసినా ఒకేలా పనిచేసేలా మలిచింది ఫ్లోరెన్స్ సీబర్ట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. చిన్నప్పుడే పోలియో సోకిన మనిషి. 1930లలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆమె తయారుచేసిన శుద్ధమైన సారాన్ని, అంటే పీపీడీని, 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ప్రమాణంగా తీసుకుంది. ఈ పరీక్ష కథలో అందరికన్నా ముందు తలుచుకోవలసిన పేరు ఆమెదని నేననుకుంటాను.

ఈ పరీక్ష అమెరికా కాలేజీల్లోకి వచ్చింది కూడా 1930లలోనే. అప్పట్లో అమెరికాలో క్షయ ఎక్కువగా యువతనే బలితీసుకునేది. హాస్టలు గదుల్లో, తరగతుల్లో పక్కపక్కనే ఉండే విద్యార్థులకు ముందే పరీక్ష చేయాలని కాలేజీ డాక్టర్ల సంఘం ఒక టీబీ కమిటీ వేసింది. సూది వేసి, పాజిటివ్ వచ్చినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీసేవారు. మినెసోటా యూనివర్సిటీకి చెందిన జె. ఆర్థర్ మైయర్స్ ఈ పద్ధతిని గట్టిగా ప్రచారం చేశాడు. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను అంతే గట్టిగా వ్యతిరేకించాడు. టీకా వేస్తే చర్మ పరీక్ష పాజిటివ్‌గా మారి, అసలు ఇన్ఫెక్షన్ ఎవరికుందో తెలియకుండా పోతుందని వాదించాడు. అమెరికా ఆ దారినే పోయింది. అందరికీ బీసీజీ వేయడమన్నది అక్కడ ఎన్నడూ జరగలేదు.

మన దారి వేరు. 1948లో దేశంలో బీసీజీ మొదలైన తొలి కేంద్రాల్లో మన మదనపల్లె ఒకటి. ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానటోరియం అప్పటికే దక్షిణాది క్షయరోగులకు పెద్ద దిక్కు. లక్షల మందికి పరీక్షలు, ఎక్స్‌రేలు చేసే స్తోమత లేని దేశం టీకాను ఎంచుకుంది. అది సరైన ఎంపికే. పసిపిల్లలను మెదడు పొరలకు సోకే క్షయ నుంచి బీసీజీ నేటికీ కాపాడుతోంది. ఎడమ భుజం మీద మనలో చాలామందికి ఉండే మచ్చ ఆ ఎంపిక గుర్తు.

ఇలా రెండు దేశాలు తీసుకున్న రెండు నిర్ణయాలు ఇవాళ ఒకే విద్యార్థి ఒంటి మీద కలుసుకుంటున్నాయి. భుజం మీద మచ్చ, ముంజేతి మీద బొబ్బ. అది టీకా వల్లా, ఇన్ఫెక్షన్ వల్లా అన్నది మాంటూ సూది తేల్చి చెప్పలేదు.

మందులొచ్చాక అమెరికాలో క్షయ తగ్గింది, కాలేజీ పరీక్షలూ పలచబడ్డాయి. 1985 తర్వాత హెచ్‌ఐవీ వల్ల, నిధులు కోసేసినందువల్ల మళ్లీ పెరిగి, 1992లో 26,673 కేసులకు చేరింది. దాన్ని అదుపులోకి తెచ్చాక మిగిలిన కేసుల్లో ఎక్కువ భాగం బయటి దేశాల్లో పుట్టినవాళ్లవి. 2023లో అవి నాలుగింట మూడొంతులు. అందుకే కాలేజీలు అందరినీ వదిలేసి, క్షయ ఎక్కువున్న దేశాల నుంచి వచ్చేవాళ్లకే పరీక్ష పెట్టసాగాయి. 2023 లెక్కల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో 195 మంది దాని బారిన పడ్డారు. అమెరికాలో ఆ ఏడాది ఆ లెక్క ముగ్గురి లోపే. జాబితాలో మన పేరుండటం అవమానం కాదు, లెక్క అంతే. పైగా అమెరికా స్టూడెంట్ వీసాకు మామూలుగా వైద్య పరీక్ష ఉండదు. బ్రిటన్ అయితే ఆరు నెలలు మించి ఉండబోయే మనవాళ్లను వీసాకు ముందే ఎక్స్‌రే తీయించుకోమంటుంది. అమెరికాలో ఆ పని కాలేజీల మీద పడింది.

బొబ్బ తగువును తీర్చే దారి మళ్లీ పశువుల నుంచే వచ్చింది. 1980లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆవుల క్షయకు ఒక రక్త పరీక్ష కనిపెట్టారు. అందులోంచి మనుషులకు పుట్టిందే క్వాంటిఫెరాన్. ల్యాబులో ఐజీఆర్ఏ అంటారు. క్షయ క్రిమిలో ఉండి, బీసీజీ టీకాలో లేని రెండు ప్రొటీన్లను రక్తానికి చూపిస్తారు. అంచేత భుజం మీది మచ్చ దీన్ని తికమక పెట్టదు. టీకా వేసుకున్నవాళ్లకు ఇదే మేలు.

ఇందులో పాజిటివ్ వచ్చి, ఎక్స్‌రే మామూలుగా ఉండి, దగ్గూ జ్వరమూ లేకపోతే దాన్ని లేటెంట్ టీబీ అంటారు. క్రిమి నిద్రపోతోందని అర్థం. అది పక్కవారికి అంటదు, చదువు ఆగదు. అలాంటి వందమందిలో అయిదు నుంచి పదిమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది నిజం జబ్బుగా మారుతుంది. మూడు నాలుగు నెలల మందులతో ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

కాబట్టి పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందేమోనని రిపోర్టు దాచకండి, మందులు సగంలో ఆపకండి. పరీక్ష ఇక్కడ చేయిస్తే ఒప్పుకుంటారో, అక్కడికెళ్లాకే చేయించాలంటారో యూనివర్సిటీని ముందే అడగండి. తట్టు, గవదల టీకా కూడా అడుగుతారు గనుక, ఆ టీకా వేసుకున్న రోజే ఈ పరీక్ష చేయించండి, లేదంటే కనీసం నాలుగు వారాలు ఆగండి.