గ్లాసుకి కొలత ఎవరు పెట్టాలి?

పెద్ద గ్లాసు నిండా పోసిస్తే పిల్లవాడు అంతా తాగేస్తాడు. చిన్న గ్లాసిస్తే దానితోనే లేచిపోతాడు. మా వారికి చక్కెర వ్యాధి వచ్చాక గాని నేను ఇంట్లో గ్లాసులు మార్చలేదు, అది వేరే సంగతి. ఈ గ్లాసు కొలత మీదే అమెరికాలో న్యూయార్కు నగరం కోర్టులకెక్కిందంటే నమ్ముతారా?

ఒకప్పుడు అక్కడ కోకాకోలా సీసా అంటే ఆరున్నర ఔన్సులే, అంటే సుమారు 190 మిల్లీలీటర్లు. రానురాను హోటళ్ళలో, సినిమాహాళ్ళలో కప్పులు పెరిగి పెరిగి 32 ఔన్సులకు, దాదాపు లీటరుకు చేరాయి. నాలుగు డబ్బులు ఎక్కువిస్తే రెట్టింపు వస్తుందంటే ఎవరు వద్దంటారు చెప్పండి! నగరంలో పెద్దవాళ్ళు సగానికి పైగా ఉండవలసిన దానికన్నా బరువెక్కారు.

2012 మే నెలలో మేయరు మైకేల్ బ్లూంబర్గ్ తీపి పానీయాలను 16 ఔన్సులకు మించిన కప్పులో అమ్మకూడదని ప్రతిపాదించారు. ఆ పదహారు ఔన్సుల కోలాలోనే పన్నెండు చెంచాల పంచదార ఉంటుంది! తాగొద్దనలేదు సుమండీ, కావాలంటే రెండు కప్పులు కొనుక్కోవచ్చు. సెప్టెంబరులో నగర ఆరోగ్య మండలి సరేనంది.

ఇక చూడండి గోల! మేయరుగారికి ఆడవేషం వేసి, ఆయాగా చూపిస్తూ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేశారు. మేం తాగేదానికి ప్రభుత్వం కొలత పెట్టడమేమిటని జనం దెబ్బలాట. ఇదంతా ఎలా ఉన్నా, ఒక్క అభ్యంతరం మాత్రం నాకు సబబుగానే తోచింది. సినిమాహాలుకు, చిన్న హోటలుకు వర్తించే ఈ నియమం పక్కనున్న సూపర్ మార్కెట్టుకు వర్తించదు, అది రాష్ట్రం అజమాయిషీలోది కనక. చిన్న వ్యాపారులు నష్టపోతారంటూ నల్లజాతి వారి హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. న్యూయార్కు శాఖ కూడా కోర్టులో కంపెనీల పక్షానే నిలిచింది.

తెల్లవారితే అమలనగా, 2013 మార్చి 11న జడ్జి మిల్టన్ టింగ్లింగ్ దాన్ని కొట్టేశారు. 2014 జూన్‌లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం కూడా, నలుగురు అటు, ఇద్దరు ఇటుగా, అదే ఖాయం చేసింది. పంచదార మంచిదని కాదండోయ్ వాళ్ళన్నది! ఇటువంటి నిర్ణయం ప్రజలెన్నుకున్న కౌన్సిలు చెయ్యాలిగాని, మేయరు నియమించిన మండలి చెయ్యరాదన్నారు.

ఆ ఏడాదే నవంబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణంలో మాత్రం నేరుగా జనాన్నే అడిగారు. తీపి పానీయాల మీద ఔన్సుకు ఒక సెంటు పన్ను వేద్దామా అని. కంపెనీలు వ్యతిరేక ప్రచారానికి ఇరవై లక్షల డాలర్ల పైనే కుమ్మరించాయి. అయినా ఓటు వేసినవారిలో నూటికి డెబ్భై అయిదుగురికి పైగా వెయ్యమనే అన్నారు.