పొద్దుటి లెక్క

తాగుడికి తెలుగులో మాటల కరువు లేదు. కైపు, మత్తు, నిషా, కిక్కు. ఎంత ఎక్కిందో చెప్పడానికి ఊరికో మాట ఉంది. మర్నాడు పొద్దున తల పగిలిపోతూ, నోరు పిడచకట్టుకుపోయి, కడుపులో తిప్పుతూ ఉండే ఆ స్థితికి మాత్రం వాడుకలో ఒక పేరు లేదు. "రాత్రిది ఇంకా దిగలేదు" అంటాం. నిజానికి అది తిరగేసిన మాట. రక్తంలో మద్యం దాదాపు సున్నాకి దిగే వేళకే ఆ బాధ పూర్తిగా బయటపడుతుంది. దిగడమే అసలు జబ్బు. చివరికి హ్యాంగోవర్ అనే ఇంగ్లీషు మాట తెచ్చుకుని పని నడిపిస్తున్నాం.

పేరు లేని దానికి చరిత్ర కూడా పలచగానే ఉంటుంది. అనంతపురం జిల్లాలో మద్యం చరిత్ర చదువుదామని కూర్చుంటే దొరికేవన్నీ సాయంత్రం సంగతులే: చెట్టు పన్ను, దుకాణాల వేలం పాటలు, లైసెన్సులు, నిషేధాలు, ఎత్తివేతలు. తెల్లారాక ఇంట్లో ఏం జరిగింది, తలనొప్పితో లేచినవాడికి చెంబుడు నీళ్లు ఎవరు తెచ్చిచ్చారు, ఆ నీళ్లు ఎక్కడివి, వీటిని ఏ కచేరీ లెక్క రాసుకోలేదు. నీళ్లకి కటకటలాడే సీమలో ఇది చిన్న విషయం కాదు.

వాడుకలో పేరు లేకపోయినా శాస్త్రంలో ఉంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం తాగుడు తెచ్చే బాధలని నాలుగుగా విడదీసింది: పానాత్యయం, పరమదం, పానాజీర్ణం, పానవిభ్రమం. ఒళ్లు బరువు, నోటికి రుచి లేకపోవడం, దాహం, తలనొప్పి, కీళ్ల నొప్పులు పరమదం లక్షణాలు. మన శనివారం రాత్రి తర్వాత వచ్చే ఆదివారం పొద్దు అచ్చంగా అదే. చరక సంహిత సూత్రస్థానంలో మద్యం వల్ల వచ్చే వికారాలకి ఒక పానీయం చెప్పారు. ఖర్జూరం, ద్రాక్ష, చింతపండు, దానిమ్మ, ఉసిరి లాంటివి కలిపిన మంథం అది. నీళ్లు, తీపి, పులుపు. ఇవాళ డాక్టరు చెప్పేదానికి మరీ దూరంగా లేదు. అదే చరకం మద్యం తెచ్చిన బాధకి తగిన మోతాదులో మద్యాన్నే మందుగా కూడా చెప్పింది. ఆ రెండో సలహా సంగతి తర్వాత చూద్దాం.

ఆ ఖర్జూరానికీ మన ఈతకీ చుట్టరికం ఉంది. వృక్షశాస్త్రం లెక్కలో రెండూ ఒకే ప్రజాతి. అనంతపురం వాగుల ఒడ్డున, చెరువు కట్టల కింద పెరిగే ఈతచెట్టు కల్లునిచ్చింది. దాని దాయాది పండు కైపు దించే మందులోకి చేరింది.

అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి డస్సిపోతాయి. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అలాంటి నేలలో ఈతచెట్టు లోపలి తడిని పీల్చి తీయటి రసంగా ఇస్తుంది. ఈడిగలు చెట్టెక్కి గీసి దింపిన ఆ రసం కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది, మర్నాటికి పుల్లబారిపోతుంది. దాచిపెట్టడానికి లేదు, దూరం పంపడానికి లేదు. తాజా కల్లులో మద్యం మామూలుగా బీరు పాటిదే. కల్లు తాగితే తలనొప్పి రాదని కాదు, కుండల కొద్దీ తాగితే వస్తుంది. కానీ ఎంత తాగాలన్నదానికి చెట్టే కొంత హద్దు గీసేది.

సారాయికి ఆ హద్దు లేదు. బట్టీలో దించిన సరుకు చెడిపోదు. పీపాల్లో పోసి ఎంత దూరమైనా పంపొచ్చు, కొలవొచ్చు, సుంకం వేయొచ్చు. మన్రో 1800లో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి అనంతపురాన్నే కేంద్రం చేసుకున్నాడు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురాన్ని ప్రత్యేక జిల్లా చేశారు. నాలుగేళ్లకి, 1886లో, మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. గీసే చెట్టుకి పన్ను, అమ్మే దుకాణానికి వేలం పాట. ఎంత తాగితే ఖజానాకి అంత. అబ్కారీ అన్న మాటలో 'ఆబ్' అంటే పర్షియన్‌లో నీరు. చుక్క నీటి కోసం ఆకాశం చూసే జిల్లాలో సర్కారు 'నీటి' శాఖకి మాత్రం ఏటా రాబడి వచ్చింది.

ఆ రాబడిని వదులుకోవడానికి మొదట తెగించింది రాజాజీ. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం పెట్టాడు. మరుసటి ఏడాది అది అనంతపురానికి పొరుగునే ఉన్న కడప, చిత్తూరు జిల్లాలకి వచ్చింది. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో మద్రాసు ప్రభుత్వం అమ్మకపు పన్ను తెచ్చింది. తాగేవాడు కట్టే సుంకం పోయి, సరుకు కొనే ప్రతి ఇల్లూ కట్టే పన్ను వచ్చింది. యుద్ధకాలంలో నిషేధం సడలిపోయి, 1946లో మళ్లీ మొదలై, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోవడానికి కారణమైన వివాదం కూడా మద్యనిషేధమే. సభలో చర్చంతా నిషేధం ఉంచాలా తీయాలా, ఆదాయం ఎంత అన్నదాని చుట్టూనే. తాగినవాడి మర్నాటి కూలీ ఎంత పోయిందో ఆ పద్దుల్లో కనిపించదు.

1980ల్లో వచ్చిన పథకం పేరు వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ప్రభుత్వ సారాయిని ప్యాకెట్లలో ఊరూరికీ అందించే ఆ ఏర్పాటుకి 'వారుణి వాహిని' అని పేరు పెట్టారు. పురాణాల్లో వారుణి వరుణుడి కూతురు, మద్యానికి దేవత. వరుణుడు మొహం చాటేసిన ఊళ్లకి కూతురు మాత్రం ప్యాకెట్ల రూపంలో తప్పకుండా వచ్చింది. మంచినీళ్ల కోసం మైళ్లు నడవాల్సిన ఊళ్లో సారాయి గుమ్మం దాకా నడిచొచ్చింది.

మా అవ్వ ఆ రోజుల మనిషి. తాత తాగొచ్చిన రాత్రి ఏం జరిగేదో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున ఏం చేసేదో మాత్రం చెప్పింది. రాగి అంబలిలో మజ్జిగ పోసి, ఉప్పేసి, చెంబు ముందు పెట్టేది. "తాగి పో నాయనా, కూలికి పొద్దెక్కింది" అనేది. ఆ అంబలికి, ఆ మజ్జిగకి, ఆయన వాంతి చేసుకున్న చోటు కడగడానికి కావలసిన నీళ్లు ఊరి బయట దిగుడుబావి నుంచి రావాలి. "ఆయప్ప తాగినపొద్దు నాకు రెండు కడవలు ఎక్కువ" అనింది ఒకసారి, మామూలుగా. అనంతపురంలో హ్యాంగోవర్‌కి ఇంతకన్నా సూటి కొలత నాకు ఎక్కడా కనపడలేదు.

ఆ రెండు కడవల లెక్కే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో తిరుగుబాటైంది. అక్షరాస్యత తరగతుల్లో కూచున్న ఆడవాళ్లు సారాయి దుకాణం మీదికి నడిచారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినపడింది, ఉద్యమం రాయలసీమకీ పాకింది. 1993 అక్టోబరు 1న సారాయిని నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1997లో, ఖజానా కారణంగా దాన్ని సడలించారు. సరిగ్గా అదే కాలంలో అనంతపురం జిల్లాలో ఇంకొకటి జరిగింది. ఫ్లోరైడు నీళ్లతో పళ్లూ ఎముకలూ పాడవుతున్న 700కి పైగా ఊళ్లకి సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం పైపులు వేసింది. ఒక చేత్తో మద్యం ఆగింది, ఇంకో చేత్తో నీళ్లొచ్చాయి. మద్యం తిరిగొచ్చేసింది. ఆ రెండింటిలో ఆడవాళ్ల నడక తగ్గించింది పైపే.

ఇప్పుడు ఆ పొద్దు ఎక్కువగా బెంగళూరులో తెల్లారుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలు పీజీ గదుల్లో నిద్రలేచి ఫోన్లో 'హ్యాంగోవర్ క్యూర్' అని వెతుకుతారు. సూటిగా చెప్పాలంటే, క్యూర్ లేదు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ చూసి, హ్యాంగోవర్‌ని ఆపుతుందని గానీ తగ్గిస్తుందని గానీ నమ్మదగ్గ రుజువు దేనికీ లేదని తేల్చింది.

ఒంట్లో జరిగేది ఇది. మద్యం మూత్రాన్ని అదుపులో పెట్టే హార్మోనుని అణిచేస్తుంది, అందుకే దాహం. కడుపు లోపలి పొరని రేపుతుంది, అందుకే వికారం. నిద్ర పట్టిస్తుంది గానీ మధ్యలో చెడగొడుతుంది, అందుకే ఎనిమిది గంటలు పడుకున్నా నీరసం. కాలేయం దాన్ని ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా, తర్వాత ఎసిటేట్‌గా మారుస్తుంది. ఈ పని దాని తీరున అది గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాముల చొప్పున చేసుకుపోతుంది. ఒక క్వార్టర్ బ్రాందీలో, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 60 గ్రాముల మద్యం ఉంటుంది. రాత్రి పదింటికి ముగించినా తెల్లవారుజామున ఇంకా రక్తంలో ఉండే అవకాశం ఎక్కువ. కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మరసం మెలకువ తెప్పిస్తాయేమో గానీ కాలేయాన్ని తొందరపెట్టలేవు. బండి తాళాలు తీసే ముందు ఈ లెక్క గుర్తుండాలి. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే.

బాధ తగ్గించుకునే దారుల్లో అవ్వ దారే మేలు. కొంచెం కొంచెంగా నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, పలచటి అంబలి లేదా గంజి. వాంతులైతే ఓఆర్ఎస్. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. కడుపు ఒప్పుకుంటే రెండు ముద్దలు తిండి. తర్వాత పడక. దీనివల్ల దాహం, నీరసం తగ్గుతాయి, మిగతాది కాలమే దించాలి. తలనొప్పికి బిళ్ల వేసుకునే ముందు ఆలోచించాలి: బాగా తాగిన ఒంటికి పారాసెటమాల్ కాలేయానికి భారం, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ అప్పటికే రేగి ఉన్న కడుపులో రక్తస్రావం తేవచ్చు. నిద్రమాత్ర అసలే వద్దు.

ఇక చరకుడి రెండో సలహా, పొద్దున్నే ఇంకో పెగ్గు. అది బాధని మధ్యాహ్నానికి వాయిదా వేస్తుంది, అంతే. పొద్దుటి పెగ్గు అలవాటైతే అది హ్యాంగోవర్ దాటిపోయిన సంగతి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, చెమటలు, లేనివి కనపడటం, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2015లో తెలంగాణలో మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు మీద దాడులు జరిగాక నిజామాబాద్ ప్రాంతంలో జనం ఆసుపత్రులకి క్యూ కట్టింది అందుకే. అలాంటి మనిషిని ఇంట్లో కట్టేసి మాన్పించకూడదు, ఆసుపత్రిలో మాన్పించాలి. 14446కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

పిలిచినా లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా, పెదాలు నీలంగా మారినా, చూపు మసకబారినా అది 'పడుకుంటే దిగిపోయేది' కాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. చూపు మసకబారడం మిథనాల్ గుర్తు కావచ్చు. నిషేధాల కాలంలోనూ, ధర అందనప్పుడూ దొంగసరుకు వైపు మళ్లిన మనుషులకి అది బాగా తెలిసిన చావు.

పోయిన ఎండాకాలం ఊరికెళ్లినప్పుడు ఆ దిగుడుబావి చూశాను. మెట్ల దాకా తుమ్మచెట్లు మొలిచాయి. వాగు పొడుగునా ఒకప్పుడుండే ఈతచెట్లలో నాలుగైదు మిగిలాయి, బోర్లు లోతుకి పోయేకొద్దీ వాటి వేళ్లకి తడి అందట్లేదేమో. ఊరి మొదట్లో బ్రాందీ షాపు ఉంది, రాత్రికి లైటు వెలుగుతుంది. దాని రాబడి ఎంతో ఏదో ఒక ఫైల్లో పైసాతో సహా ఉంటుంది. పొద్దున ఎవరింట్లో ఎన్ని బిందెలు ఎక్కువ పట్టారన్నది మటుకు ఇప్పటికీ ఆ ఇంటి ఆడమనిషికే తెలుసు.